ఏడేదో, ఎనిమిదేదో

మా ఇంటికి పాచికలు వచ్చిన రోజు మా అమ్మ మూడు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు.

నా కొడుక్కి పదిహేడేళ్ళు. ఇంటర్ చదువుతున్నాడు. వాడి పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే చదివేవాళ్ళు అక్కడే ఆగిపోతారనీ, ఆ తర్వాత నేను రాసిందంతా ఆ పేరు కింద పెట్టి చదువుతారనీ నా భయం. ఇరవై ఏళ్ళు పత్రికల్లో పనిచేసి తెచ్చుకున్న భయం ఇది. వాణ్ణి మావాడు అంటాను. మా అమ్మ వాడికి నానీ. వాడు పుట్టినప్పటి నుంచి ఇంట్లో అందరం ఆమెను నానీ అనే పిలుస్తున్నాం, నాతో సహా.

పూణే నుంచి వచ్చిన చిన్న డబ్బా విప్పితే దూదిలో ఎనిమిది పాచికలున్నాయి. ఆరు ముఖాలవి రెండు, ఎనిమిది ముఖాలవి రెండు, పది ముఖాలవి రెండు, పన్నెండు ముఖాలవి రెండు. గాజులా మెరిసే రెజిన్‌తో చేసినవి. లోపల నల్లటి మబ్బు, మబ్బులో బంగారు రేకు తునకలు. పైన అంకెలు... ఉర్దూ అంకెలు.

నానీ తస్బీ ఆపి చూసింది. "పాసే? హమారే ఘర్ మే పాసే?" అంది. అంతే. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె కోపం నాకు తెలుసు. జూదాన్ని ఖురాన్ సారాయితో కలిపి వద్దంది. నర్ద్ అనే పాచికల ఆటనైతే హదీసుల్లో పేరుపెట్టి మరీ వద్దన్నారు. పందెం లేకపోయినా పాచిక ముట్టుకోకూడదనేది చాలామంది ఉలమాల మాట. పందెం లేనప్పుడు తప్పు లేదన్నవాళ్ళూ లేకపోలేదు. నానీ మొదటి మాట విని పెరిగిన మనిషి.

మూడు గంటల తర్వాత ఆమే బయటికొచ్చి మనవణ్ణి అడిగింది. ఇందులో పైసలెంత అని. పైసలు లేవు నానీ అన్నాడు వాడు. మరి ఓడినోడు ఏం పోగొట్టుకుంటడు? ఎవ్వరం ఓడం నానీ, అందరం ఒక్క దిక్కే ఉంటం. మరి అవతలి దిక్కు ఎవరుంటరు?

మావాడు కాసేపు ఆలోచించి "కహానీ" అన్నాడు.

ఈ ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్తాను. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూచుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళది తలా ఒక పాత్ర. "నేను గోడ దూకుతా", "నేను ఆ ముసలాయనతో మాట్లాడతా" అని ఎవరి పాత్ర చేసే పని వాళ్ళు నోటితో చెప్తారు. దూకగలిగిందీ లేనిదీ పాచిక చెప్తుంది. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో ఇది అచ్చులోకి వచ్చింది. 1986లో జపాన్‌లో కాంప్టిక్ అనే పత్రిక, కొందరు ఆ ఆట ఆడుతూ మాట్లాడుకున్న మాటల్నే సీరియల్‌గా వేసింది. అది నవలలైంది. 1990లో 'రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్' పేరుతో యానిమే అయింది. పత్రికల్లో పనిచేసేదాన్ని కనక ఈ సంగతి నాకు భలే నచ్చింది. ఆడుకున్న మాటలు సీరియల్ కావడం! అలాంటి జపాన్ కథల మీద, జపాన్ వీడియో గేముల మీద ఇష్టంతో ఎమానుయేలె గలెత్తో అనే ఇటలీ ఆయన 'ఫాబులా అల్టిమా' అనే ఆట రాశాడు. మావాడూ వాడి స్నేహితులూ శనివారం శనివారం ఆడేది అదే.

అమెరికా ఆట జపాన్ పోయి, జపాన్ నుంచి ఇటలీ పోయి, ఇటలీ నుంచి మెహదీపట్నంలో మా ఇంటికి వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. మా చిన్నప్పుడు, 1990లలో, దూరదర్శన్‌లో జంగిల్ బుక్ వస్తుంటే గల్లీ అంతా ఒక్క టీవీ ముందు కూచునేవాళ్ళం. అది జపాన్ వాళ్ళు గీసిందని మాకెవరు చెప్పారు? మోగ్లీ మనోడే అనుకున్నాం.

ఈ ఆటలో ప్రతి పాత్రకూ నాలుగు గుణాలుంటాయి. చురుకుదనం, ఎరుక, బలం, మనోబలం. ఒక్కో గుణానికి ఒక్కో పాచిక. ఏ గుణంలో నువ్వు గట్టివాడివైతే ఆ గుణానికి ఎక్కువ ముఖాల పాచిక. ఏదైనా పని చేయాలంటే రెండు గుణాల పాచికలు కలిపి వేసి, వచ్చిన అంకెలు కూడతారు. రెండు గుణాలకూ ఒకే రకం పాచిక ఉండొచ్చు కాబట్టి ఒక్కోటి రెండేసి కావాలి. అందుకే ఎనిమిది. ఆటలో దెబ్బలు తగలడమే కాదు, బెదిరిపోవడం కూడా ఉంది. బెదిరిపోయినవాడి మనోబలం పాచిక ఒక మెట్టు తగ్గుతుంది. ఎనిమిది ముఖాలది ఉన్నవాడు ఆరు ముఖాలది వేయాలి. చేతులూ కాళ్ళూ అవే, తెలివీ అదే, పాచిక మాత్రం చిన్నదైపోతుంది. మావాడు ఈ నియమం చెప్తుంటే నేను వంకాయలు తరుగుతూ వింటున్నాను. కత్తి ఆపి, ఇది రాసినాయన ఎప్పుడైనా కర్ఫ్యూలో ఉన్నాడా అని అడిగాను. వాడికి అర్థం కాలేదు.

పాత్రను తయారు చేసేటప్పుడు ఒక కాగితం నింపాలి. అందులో మూడు గళ్ళు ఉంటాయి. ఐడెంటిటీ, థీమ్, ఆరిజిన్. నువ్వెవరు, నిన్ను లోపల్నుంచి నడిపేది ఏంటి, నువ్వెక్కణ్ణుంచి వచ్చావు. 1990ల చివర్లో, తెలుగులో ముస్లింవాదం మీద వాదోపవాదాలు జరుగుతున్న రోజుల్లో, నేను బి.ఏ. చదువుతున్నాను. అస్తిత్వం అనే మాట మీద క్యాంటీన్‌లో కొట్టుకున్నంత పని చేసేవాళ్ళం. అదే మాట పాతికేళ్ళ తర్వాత నా కొడుకు చేతిలో, ఆటకాయితం మీద, ఒక గడిగా కనపడింది. నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే ఆ గళ్ళకు ఒక పని ఉంది. పాచికలు వేశావు, పడలేదు, ఓడిపోయావు. అప్పుడు నీ దగ్గర ఫాబులా పాయింట్ ఒకటి ఉంటే దాన్ని ఖర్చుపెట్టి, నీ ఐడెంటిటీనో నీ ఆరిజిన్‌నో పిలుచుకోవచ్చు. "నేను ఫలానావాణ్ణి, అందుకే ఇక్కడ వదిలిపెట్టను" అని చెప్పాలి. చెప్తే పాచిక రెండోసారి వేసే హక్కు వస్తుంది.

మళ్ళీ చదవండి. నేనెవరో చెప్పుకుంటే రెండోసారి వేసే హక్కు వస్తుంది! నేను పుట్టి బుద్ధెరిగాక నేనెవరో చెప్పుకున్న చోటల్లా మొదటిసారి వేసే హక్కే పోయింది. ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్తే గదులు చూపించారు, నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పారు, అడ్వాన్సు మాట్లాడారు. పేరు చెప్పాక "మా అబ్బాయి వస్తానంటున్నాడండీ" అన్నారు. ఒకసారి కాదు, ఆరుసార్లు. ఆరుగురికీ ఒకేసారి అబ్బాయిలు వస్తామన్నారు.

మావాడు మొదట ఆ కాగితం మీద జపాన్ పేరు రాసుకున్నాడు. ఎందుకురా, నీకు పేరు లేదా అన్నాను. "ఉంది అమ్మీ. కానీ అది నాకంటే ముందే పోయి కూచుంటది. అక్కడన్నా నేను ముందు పోతా" అన్నాడు. వాడితో వాదించలేకపోయాను.

ఆట మొదటి రోజు ఇంకోటి జరిగింది. కథ నడిపే పిల్లవాడు వీడికి చిన్నప్పటి దోస్త్. వరంగల్ దిక్కు వాళ్ళు. మంచి పిల్లవాడు, మా ఇంట్లో రంజాన్‌కి హలీం తిన్నవాడు. వాడు ఎంతో ప్రేమగా, "ఒక ఎడారి రాజ్యం పెట్టినరా. అక్కడ హంతకుల ముఠా ఉంటది. నువ్వు అందులోంచి వస్తే మస్తుంటది" అన్నాడట. మావాడు సరే అనలేదు, కాదనలేదు. ఇంటికొచ్చి అన్నం సగంలో లేచాడు. హైదరాబాద్‌లో పుట్టి ఎడారి ఎట్లుంటదో చూడనివాడు ఎడారివాడెట్లా అయ్యాడు? ఆ దోస్త్‌ని అడిగితే వాడికీ తెలియదు. సినిమాల్లో, కామిక్కుల్లో, వీడియో గేముల్లో మాకు ఇచ్చిన చోటు అది. వాడు ఆలోచించి ఇవ్వలేదు. ఆలోచించకుండా చేతికి ఏది తగిలితే అది ఇచ్చాడు. మాకు ఎప్పుడూ అదే తగులుతుంది.

ఈ ఆటలో ఒక మంచి పద్ధతి ఉంది. లోకాన్ని ఒక్కడే తయారు చేయడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలా ఒక రాజ్యం, తలా ఒక రహస్యం, తలా ఒక ప్రమాదం చేర్చి కలిసి పటం గీస్తారు. రెండో శనివారం మావాడు తన రాజ్యం తానే గీసుకుని పోయాడు. నల్లరాతి గుట్టల మీద ఒక షహర్. చుట్టూ చెరువులు. చెరువుల మీద గాలిలో లంగరు వేసిన ఎగిరే ఓడలు. ఆ షహర్ ముద్ర మీద రెండు లిపులు. ఇదెక్కడిదిరా అంటే గోల్కొండ అన్నాడు. స్కూల్లో ఒక్క పేజీలో అయిపోయిన గోల్కొండ. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారనీ, కుతుబ్‌షాహీల ఫర్మానాలు పార్సీలోనూ తెలుగులోనూ ఉండేవనీ నేనే ఎప్పుడో చెప్పాను. వింటున్నట్టు కనపడలేదు అప్పుడు. విన్నాడన్నమాట! ఐడెంటిటీ గడిలో "పటాలు గీసేవాడు" అని రాశాడు. థీమ్ కోసం పుస్తకంలో కోపం, న్యాయం, పగ, ఆశ లాంటివి ఇచ్చారు. న్యాయం రాస్తాడనుకున్నాను. "తనవాళ్ళనిపించుకోవడం" అనే అర్థమొచ్చేది రాశాడు. పాత్రకు జపాన్ పేరు మాత్రం మార్చలేదు.

అప్పుడు పుట్టింది పాచికల కోరిక. "నా షహర్ లెక్క నా షహర్ అంకెలల్ల ఉండాలె" అన్నాడు. పాచికలు అడిగిన తీరులో చేసిచ్చేవాళ్ళు ఇప్పుడు మన దేశంలోనూ ఉన్నారు. పూణేలో ఒక అమ్మాయి ఇంట్లోనే చేస్తుంది. ముందు ఒక అసలు పాచిక తయారు చేసి, దాని చుట్టూ సిలికాన్ పోసి అచ్చు తీస్తుంది. ఆ అచ్చులో రంగు కలిపిన రెజిన్ పోస్తుంది. బుడగలు మిగిలితే పాచిక ఒక వైపు తేలికై ఒకే ముఖం పైకి వస్తుంటుంది కాబట్టి ఒత్తిడి కుండలో పెట్టి బుడగల్ని అణిచేస్తుంది. ఒక రోజంతా గట్టిపడ్డాక సన్నటి కాగితాలతో ఒక్కో ముఖం రుద్ది, లోతుగా ఉన్న అంకెల్లో రంగు నింపుతుంది. ఎదురెదురు ముఖాలు కూడితే ఆరు ముఖాల దానికి ఏడు రావాలి, ఎనిమిది ముఖాల దానికి తొమ్మిది, పన్నెండు ముఖాల దానికి పదమూడు. ఈ లెక్కంతా చూసుకోవాలి. అంకెల బొమ్మలు మాత్రం మనం గీసి పంపాలి.

గీయడానికి మావాడు నా దగ్గరికొచ్చాడు. వాడికి ఉర్దూ నోట్లో ఉంది, కళ్ళల్లో లేదు. ఇంగ్లీషు మీడియం. రెండో భాష తెలుగు. ఉర్దూ తర్వాత ఇంట్లో నేర్పిద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. పగలు తెలుగు పత్రికలో, రాత్రి ఉర్దూ అనువాదాల్లో రెండు భాషలు అమ్ముకుని బతికినదాన్ని, కొడుక్కి ఒకటి ఇవ్వలేకపోయాను. కరెంటు బిల్లు వెనక సున్నా నుంచి తొమ్మిది దాకా రాసిచ్చాను. రాస్తుంటే నా చెయ్యి నాది కాదనిపించింది. అబ్బా చెయ్యి.

1990 డిసెంబర్. హైదరాబాద్‌లో కత్తులు తిరిగిన రోజులు. నాకు పదేళ్ళు. పాతబస్తీలో కర్ఫ్యూ. రోజుల తరబడి తలుపులు వేసుకుని ఉన్నాం. పిల్లలం ఏడవకుండా దాదీ పెట్టెలోంచి పచ్చీస్ బట్ట తీసింది, గవ్వలు తీసింది. అమ్మీ, అంటే ఇప్పటి నానీ, అప్పుడే వద్దంది. దాదీ తేల్చేసింది: "యే పాసా నై, కౌడీ హై." పాచిక కాదు, గవ్వ! పచ్చీస్ అంటే ఇరవై ఐదు, గవ్వల్లో పడే పెద్ద పందెం. అబ్బా బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాడు. మా ఆట లెక్క బొగ్గుతో గోడ మీద రాసేవాడు ఉర్దూ అంకెల్లో. బయట జీపు పోతే అందరం చేతులు ఆపేవాళ్ళం. జీపు పోయాక దాదీ గవ్వలు విసిరేది. నాకు అంకెలు బళ్ళో రాలేదు, ఆ గోడ మీద వచ్చాయి. ఒకటి నిలువు గీత, అలిఫ్ లాగా. సున్నా ఒట్టి చుక్క. ఏడు నోరు పైకి తెరిచిన గరాటు. ఎనిమిది దాన్నే తలకిందులు చేస్తే వచ్చే డేరా.

కర్ఫ్యూ ఎత్తేశాక అబ్బా ఆ గోడకు సున్నం వేశాడు. ఎవరైనా చూస్తే ఏం రాశారో అనుకుంటారని.

పాచికలు వచ్చిన వారంలోనే తప్పు బయటపడింది. పట్టుకున్నది నేను కాదు, మావాడు అసలే కాదు. ఆ దోస్త్ వాళ్ళ తాత. ఎనభై అయిదు దాటిన మనిషి. వాళ్ళ నాయన ఊళ్ళో పట్వారీ. నిజాం రాజ్యంలో సర్కారు కాగితాలు ఉర్దూలో, బడి ఉర్దూలో. ఆయన నాలుగు తరగతులు అందులోనే చదివాడు. ఇప్పటికీ ఎక్కాలు ఉర్దూలోనే వస్తాయట. పిల్లలు బల్ల చుట్టూ ఆడుతుంటే వచ్చి పన్నెండు ముఖాల పాచిక చేతిలోకి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అన్నాడట: "ఇది సాతా, ఆఠా? కింద గీత పెట్టలేదేందిరా?"

సంగతేమిటంటే, మనం రోజూ రాసే అంకెల్లో ఆరూ తొమ్మిదీ తిరగేస్తే ఒకటి ఇంకొకటి అవుతాయి. అందుకని పాచికల మీద వాటి కింద చిన్న గీత పెడతారు. ఆ పూణే అమ్మాయి అలవాటు కొద్దీ ఉర్దూ ఆరు కింద, తొమ్మిది కింద గీతలు పెట్టింది. ఉర్దూలో ఆ రెండింటికీ ఆ గొడవ లేదు. తారుమారయ్యేవి ఏడూ ఎనిమిదీ. వాటికి గీత లేదు. బల్ల చుట్టూ నాలుగు వైపులా కూచున్నప్పుడు ఈ వైపు నుంచి ఏడు, ఆ వైపు నుంచి ఎనిమిది. ఆ అమ్మాయికి రాస్తే వెంటనే ఒప్పుకుంది. పాపం, ఏడూ ఎనిమిదీ ఉన్న ఆరు పాచికలూ డబ్బు తీసుకోకుండా మళ్ళీ పోసి పంపింది. తప్పు వచ్చినవి తిరిగి అడగలేదు.

ఆ పిల్ల తప్పులో నాకు పెద్ద సంగతి కనపడింది. మా గురించి జాగ్రత్త పడేవాళ్ళు లేక కాదు. ఉన్నారు. వాళ్ళ భాషలో ఏది తారుమారవుతుందో దాని కింద గీత పెట్టి, మాకు మేలు చేశామనుకుంటారు. మా దగ్గర తారుమారయ్యేది వేరే. దాన్ని మా వైపు కూచుని చూస్తే తప్ప కనపడదు.

మరి ఆ తాత ఎట్లా చూశాడు? ఆయనా ఒకప్పుడు ఈ వైపు కూచున్నవాడే. ఈ ముచ్చట ఆఫీసులో చెప్తే నా సెక్యులర్ మిత్రుడొకాయన పొంగిపోయాడు. "చూశారా మేడం, ఉర్దూ అందరిదీ!" అన్నాడు. నేనూ ఆ రోజు పొంగిపోయాను. కాదనను. ముసలాయన చేతిలో నా అబ్బా అంకెలు పలికాయంటే ఎవరికి సంతోషం కాదు? ఆ అంకెల్ని అరబ్బులు హిందీ అంకెలంటారని కూడా ఆయనకు చెప్పాను. ఇక్కణ్ణుంచి బాగ్దాద్ పోయి, రూపం మార్చుకుని, మళ్ళీ ఇక్కడికే వచ్చినవి. ఆ మిత్రుడు దీని మీద ఎడిటోరియల్ పేజీకి వ్యాసం రాయమన్నాడు.

రాద్దామనే అనుకున్నాను. ఈలోగా ఒక శనివారం రాత్రి వచ్చింది.

పదకొండు దాటింది. మావాడూ దోస్తూ ఒకే బండి మీద వస్తున్నారు. రోడ్డు మీద తనిఖీ. బండి కాగితాలు చూశారు, బాగానే ఉన్నాయి. నీ పేరేంది అని వెనక కూచున్న మావాణ్ణి అడిగారు. చెప్పాడు. బ్యాగు తియ్ అన్నారు. బ్యాగులో పుస్తకం, కాగితాలు, పటం, పాచికలు.

"ఇవేంది?"

"ఆడుకునేవి సార్."

"జూదమా?"

"కాదు సార్. కథ."

"కథకు పాచికలెందుకురా? ఈ రాతేంది? ఎవరిచ్చిన్రు?" పటం విప్పి, ఇది ఏ ఊరు అని అడిగారట. లేని ఊరు సార్ అన్నాడట మావాడు. ఆ సమయంలో చెప్పకూడని జవాబు అదే! ముప్పావుగంట నిలబెట్టారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, బూతులు తిట్టలేదు. నేను అబద్ధం రాయను. పాచికలు ఒక్కొక్కటి తీసి లైటు కింద పెట్టి చూశారు. లోపల బంగారు రేకు ఎందుకుందని అడిగారు.

అప్పుడు దోస్త్ బండి దిగి, తన పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, తన బాబాయి ఏం ఉద్యోగం చేస్తాడో చెప్పి, ఇవి నా ఆట సామాను సార్ అన్నాడు. అప్పుడు ప్రశ్నలు మళ్ళీ మొదట్నుంచీ అడిగారు, వాణ్ణి. అవే ప్రశ్నలు. వాడూ అవే జవాబులు చెప్పాడు. "ఇంత రాత్రి తిరగకుండ్రి బాబూ" అని పంపించారు.

ఇంటికొచ్చి మావాడు బూట్లు విప్పుతూ అన్నాడు: "అమ్మీ, సెకండ్ రోల్ ఇచ్చిన్రు. కానీ నా ఐడెంటిటీ మీద కాదు. వాడి ఐడెంటిటీ మీద."

ఎడిటోరియల్ పేజీకి వ్యాసం రాయలేదు. ఉర్దూ అందరిదీ అయితే రోడ్డు మీద ఒక్కణ్ణే ఎందుకడిగారని ఆ మిత్రుణ్ణి అడిగాను. ఆయన బాధపడ్డాడు. ఆయన బాధ నిజమైనదే. కానీ ఆ ముప్పావుగంట ఆయన కొడుకు నిలబడలేదు.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. మర్నాడు పొద్దున నేను మావాడితో ఏమన్నానో తెలుసా? "బేటా, ఇవి ఇంట్లో పెట్టుకో. బయటికి మామూలు అంకెలవి తీసుకుపో. అక్కడ ఏవైనా ఒకటే కదా" అన్నాను. ముస్లిం అస్తిత్వం మీద సభల్లో మాట్లాడినదాన్ని. గోడకు సున్నం వేసిన అబ్బా మీద కోపంతో ఒకప్పుడు కథ రాసినదాన్ని. నేనే కొడుకు చేతికి సున్నం డబ్బా ఇస్తున్నాను.

ఇంకోటీ చెప్తాను. ఇరవై రెండేళ్ళ వయసులో తెలుగు పత్రికలో నా మొదటి వ్యాసం నా పేరుతో రాలేదు. పొడి అక్షరాలతో వచ్చింది. పాఠకుడు ముందు విషయం చదవాలి కదమ్మా అన్నాడు అప్పటి మా డెస్కు పెద్దాయన. సబబే అనుకున్నాను. ఉర్దూ పత్రికలో నన్ను తెలుగమ్మాయి అనేవాళ్ళు, తెలుగు పత్రికలో ఉర్దూ మేడం అనేవాళ్ళు. రెండు వైపుల నుంచీ నేను ఎదుటి వైపు అంకెనే. మావాడు జపాన్ పేరు పెట్టుకుంటే నీకు పేరు లేదా అని అడిగినదాన్ని, నా పొడి అక్షరాలు మర్చిపోయాను.

మావాడు నాతో వాదించలేదు. గ్లాసులో నీళ్ళు పోసి, గుప్పెడు గుప్పెడు ఉప్పు కలిపి, కొత్తగా వచ్చిన పాచిక ఒకటి వేశాడు. ఉప్పు సరిపడా పడితే పాచిక తేలుతుంది. వేలితో తిప్పి వదిలితే ప్రతిసారీ ఒకే ముఖం పైకొస్తే అది మొగ్గు ఉన్న పాచిక. వేరువేరు ముఖాలు వస్తుంటే సక్రమమైనది. నానీ కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తోంది. వాడు తిప్పాడు, మూడు. తిప్పాడు, ఎనిమిది. తిప్పాడు, ఒకటి. అంకె అంకెనీ పైకి చదువుతున్నాడు. ఎక్కడా తడబడలేదు. నాకు తెలియకుండా ఎప్పుడు నేర్చుకున్నాడో!

"ఇది సక్కగనే ఉంది అమ్మీ" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ సాయంత్రం నానీ తన పాత మఖ్మల్ షేర్వానీ ముక్క ఒకటి తీసింది. మా నానా పెళ్ళినాటిది. చిన్న సంచి కుట్టి, మూతికి నాడా ఎక్కించి మనవడి ముందు పెట్టింది. పాచికలు సంచిలో వేసి ఇమ్మంటే మాత్రం చేతులు వెనక్కి తీసుకుంది. "నక్కో. మై నై ఛూతీ" అంది. ముట్టుకోదు. సంచి మాత్రం కుడుతుంది. ఆమె దీన్ ఆమెకుంది, ఆమె మనవడు ఆమెకున్నాడు. ఈ రెండింటి మధ్య నానీ వెతుక్కున్న చోటు ఆ సంచి. నాకు పుస్తకాల్లో దొరకలేదు అలాంటి చోటు.

ఈ శనివారం మావాడు ఆ సంచి తీసుకునే వెళ్ళాడు. నేను వద్దనలేదు. తీసుకుపొమ్మనీ అనలేదు. గేటు దాకా వెళ్ళి, బండి కాగితాలున్నాయా, కాలేజీ కార్డు ఉందా, ఫోన్ చార్జింగ్ ఉందా అని అడిగాను. అందరు తల్లులూ అడిగేవే. కాకపోతే నేను మూడుసార్లు అడిగాను.

ఇది రాస్తుంటే పదకొండున్నర అయింది. తప్పు వచ్చిన మొదటి ఆరు పాచికలు నా బల్ల మీదే ఉన్నాయి, గీత లేనివి. నిద్ర రాక వాటితోనే కాలక్షేపం చేస్తున్నాను. ఇందాక ఒకటి దొర్లించాను. నా కుర్చీలోంచి చూస్తే ఏడు. లేచి, వాకిలి వైపు వెళ్ళి నిలబడి చూస్తే ఎనిమిది.

వాకిలి దగ్గరే నిలబడి ఉన్నాను. బండి చప్పుడు ఇంకా వినపడలేదు.